బిడ్డా, సోలార్ దరఖాస్తు పెట్టే ముందు జర ఇది చదువు

బిడ్డా,

నీ మెసేజ్ చూసిన. సర్పంచ్ అయి నెల తిరగకముందే బడికీ వాటర్ ట్యాంకు మోటరుకూ సోలార్ పెట్టిస్తనని పట్టుకున్నవు, సంతోషం. కానీ "సోలార్‌కు పైసలియ్యనీకి సర్కారుకు మనసు లేదు పెద్దనాన" అని రాసినవు సూడు, ఆడ నీ లెక్క తప్పింది. ట్రెజరీల ముప్పై ఏండ్లు బిల్లులు చూసినోణ్ణి, మనసున్నా చెయ్యి ఆడనియ్యని రూల్స్ ఉంటయ్.

2003ల కేంద్రం ఎఫ్ఆర్‌బీఎం చట్టం, అంటే సర్కారు అప్పులకు హద్దు పెట్టే చట్టం తెచ్చింది, రాష్ట్రాలు గూడ గసొంటియే తెచ్చుకున్నయ్. మామూలుగ ఏడాదికి జీఎస్‌డీపీల 3 శాతం దాకనే అప్పు, అంటే సర్కారు ఆదాయంల కాదు, రాష్ట్రంల అందరం కలిసి పండించి సంపాదించేదాంట్ల. భగీరథ నీళ్లకు తెచ్చినట్టు కార్పొరేషన్ పేరు మీద అప్పు తెస్తే ఇదివరకు బయట ఉండేది, 2022ల కేంద్రం అది గూడ లిమిట్‌ల కలుపుతమన్నది. బర్రె కొనెతందుకు తెచ్చినా, పెండ్లికి తెచ్చినా ఆ చట్టానికి అప్పు అప్పే. ప్యానెల్ 25 ఏండ్లు కరెంటు ఇస్తది గానీ అప్పు మాత్రం ఈ ఏడాది లెక్కలనే పడ్తది.

జర్మనీల గూడ ఇదే పంచాది. కేంద్ర సర్కారు దేశం జీడీపీల 0.35 శాతం దాటి అప్పు చెయ్యద్దని రాజ్యాంగంలనే రాసుకున్నరు, కరోనాకని పర్మిషన్ తీసుకొని వాడని 6,000 కోట్ల యూరోల అప్పును వాతావరణం ఫండుకు మలిపితే 2023 నవంబర్ల కోర్టు చెల్లదన్నది. 2025ల రాజ్యాంగమే మార్చుకున్నరు. మనకంత స్థోమత యాడిది, ఉన్న సందులనే నడవాలె.

ముందు బడి పక్కన పెట్టు. సర్కారు బడులకు 2024 నుంచి కరెంటు ఫ్రీ, ఆడ మిగిలేది పంచాయతికి రాదు. మోటరు బిల్లు పంచాయతిది, ట్యాంకు పగటి పూటనే నింపుకోవచ్చు, సోలార్‌కు గదే సరిపోతది. లైన్‌మన్‌ను అడిగి 12 నెలల బిల్లులు తీసుకొని, నెలకు ఎంత మిగుల్తదో, ఎన్నేండ్లకు పెట్టిన పైసలు వస్తయో దరఖాస్తు మొదటి పేజీలనే రాయి. అప్పు అందరికీ కనపడ్తది, మిగులు నువ్వు చూపిస్తేనే కనపడ్తది. ఫైలు చూసే సారుకు గూడ పైన చెప్పుకునెతందుకు ఒక మాట కావాలె గద.

ఇండ్ల మీదికైతే కేంద్రం స్కీం సూర్యఘర్ కింద పెట్టించు, 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 నేరుగ అకౌంట్లనే ఏస్తది, రాష్ట్రం వాటా కోసం చూసే పని లేదు. రైతుల బోర్లకు సోలార్ పెట్టే కుసుమ్ స్కీం వేరు, ఖర్చుల కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగిలింది రైతు, రాష్ట్రం పైసలు విడుదల కాకపోతే ఆడికే ఆగుతది. రైతులకు మాటిచ్చే ముందు అది కనుక్కో.

ఇంకోటి, ప్యానెల్ కొనుడు క్యాపిటల్ ఖర్చు, దానికి ఎట్లనో అట్ల పైసలు దొరుకుతయ్. ఇన్వర్టర్ రిపేర్ రెవెన్యూ కింద, అంటే నడిపే ఖర్చు కింద పడ్తది, దాని మొఖం ఎవ్వరూ చూడరు. నా సర్వీసుల ఒక ఊరి బిల్లు పాస్ చేసిన, రెండేండ్లకు పోయిచూస్తే ప్యానెళ్ల మీద మిరపకాయలు ఎండుతున్నయ్, ఇన్వర్టర్ కాలిపోయి ఏడాదైందట. అగ్రిమెంట్‌లనే 5 ఏండ్ల మెయింటెనెన్స్ రాయించు. బిల్లు మార్చి దాక నానబెట్టకు, 31 తారీఖు రాత్రి ట్రెజరీ ముందర నిలబడ్డోళ్లను ఎందరినో చూసిన.

యాసంగి నాట్లు అయినంక వస్త. బిల్లులు తీసిపెట్టు, కూసొని నేనే రాసిస్త. మీ బాపుకు చెప్పు, బీపీ గోలీలు మానొద్దని.

మీ పెద్దనాన