నెల రోజుల పంతం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నెలలో గిటార్ నేర్చుకుంటానని పంతం పట్టి రోజూ గంట కూర్చున్నాను. పదో రోజుకి వేళ్లు మండిపోయాయి, ఒక్క పాటా రాలేదు. వదిలేశాను. మళ్లీ మొదలుపెడితే ఎలా పెట్టాలి?

జవాబు: మీ పట్టుదలకు వంక పెట్టలేం. తప్పంతా లక్ష్యంలో ఉంది. ‘గిటార్ నేర్చుకోవడం’ ఏళ్ల తరబడి సాగే పని. అందులోంచి నెలకు సరిపడా ముక్క కోసుకోండి. ఉదాహరణకు: తాళం టిక్ టిక్ మని కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, మూడు కార్డులను (కలిపి మోగించే స్వరాల గుంపులను) ఒక్కోదానికి నాలుగు దెబ్బల చొప్పున, రెండు నిమిషాలు ఆగకుండా వాయించడం. వచ్చిందో లేదో ముప్పయ్యో రోజున గడియారమే చెబుతుంది. పాట సంగతి రెండో నెలలో చూసుకోవచ్చు.

ఆ మూడూ ఏ మైనర్ (Am), సీ (C), ఈ (E) అయితే సగం భారం తగ్గుతుంది. సన్న తీగను ఒకటోదిగా లెక్కపెట్టండి. ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద అడ్డ కమ్మీల మధ్య ఉండే గడి. ఏ మైనర్‌కు చూపుడు వేలు రెండో తీగ మీద మొదటి ఫ్రెట్‌లో, నడిమి వేలు నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు మూడో తీగ మీద రెండో ఫ్రెట్‌లో ఉంటాయి. సీ కావాలంటే ఉంగరపు వేలొక్కటి లేచి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కు వెళ్తే చాలు, మిగతా రెండూ కదలవు. ఈ (E) కార్డు కావాలంటే ఏ మైనర్ ఆకారాన్ని ఉన్నదున్నట్టుగా మందపు తీగల వైపు ఒక తీగ జరపండి. ఎఫ్ (F) కార్డు జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. చూపుడు వేలిని అడ్డంగా పరిచి తీగలన్నీ నొక్కే బలం తొలి నెలలో రాదు.

గంట సాధన వద్దు. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు. వేలి కొసల చర్మం గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది, అది తొందరపెడితే జరిగేది కాదు. ప్రతి పూటా ఒక నిమిషం గడియారం పెట్టి ఏ మైనర్ నుంచి సీకి, సీ నుంచి ఏ మైనర్‌కు ఎన్నిసార్లు మారగలిగారో కాగితం మీద రాయండి. ముప్పై దాటితే మెట్రోనోమ్ వాడటం మొదలుపెట్టొచ్చు. తీగ జీరగా పలికితే వేలు ఫ్రెట్ కమ్మీకి దూరంగా ఉందన్నమాట, కమ్మీకి వెనకే, దానికి ఆనేంత దగ్గరగా నొక్కండి. అసలు పలక్కపోతే పక్క వేలు దాన్ని తాకుతోంది, కొసలు తీగ మీద నిటారుగా దిగేలా వేళ్లను వంచండి. ఎడమ చేతి గోళ్లు పెరిగి ఉంటే ఇదేదీ కుదరదు. ఎంత నొక్కినా నొప్పే అయితే వాద్యంలోనే తీగలు మరీ ఎత్తుగా ఉండి ఉండవచ్చు. బాగుచేసేవారి చేత దింపించుకోండి, లేదా సన్న తీగలు వేయించండి.

ప్రశ్న: రెండు వేళ్లతో నిమిషానికి 35 పదాలు కొట్టేవాణ్ణి. చూడకుండా పది వేళ్లతో టైపింగ్ మొదలుపెట్టి ఎనిమిది రోజులైంది. 12 దాటడం లేదు. ఆఫీసు పని ఆగిపోతోందని పగలు పాత పద్ధతే వాడుతున్నాను.

జవాబు: 12కి పడిపోవడం మామూలే. చేటు చేస్తున్నది మీ ఆఖరి వాక్యం. రాత్రి అరగంట కొత్త దారి, పగలు ఎనిమిది గంటలు పాత దారి అయితే వేళ్లు దేన్ని గుర్తుపెట్టుకుంటాయి? పని తక్కువగా ఉండే నెల ఎంచుకోండి. అది కుదరకపోతే చిన్న మెయిళ్లయినా పూర్తిగా కొత్త పద్ధతిలోనే కొట్టండి.

ఎఫ్, జే మీటల మీద చిన్న గీతలు చేతికి తగులుతాయి. చూపుడు వేళ్ల ఇల్లు అదే. తొలి వారం మధ్య వరుస, రెండో వారం పై వరుస, మూడో వారం కింది వరుస పట్టండి. వందకు 95 అక్షరాలు సరిగా పడేదాకా వేగం ఊసెత్తకండి. తప్పును వేగంగా సాధన చేస్తే తప్పే గట్టిపడుతుంది. చేతుల మీద పల్చటి తువ్వాలు కప్పుకుంటే కిందికి చూసే అలవాటు తప్పుతుంది. కీబోర్డు వెనక కాళ్లు మడిచేయండి, అవి లేచి ఉంటే మణికట్టు పైకి విరిగినట్టుండి నొప్పి పుడుతుంది. నెలాఖరుకి పాత 35ను అందుకుంటే గెలిచినట్టే.

ప్రశ్న: మూడు బంతులు ఎగరేసి పట్టే సాధనలో బంతుల వెంట ముందుకు పరిగెత్తాల్సి వస్తోంది.

జవాబు: రెండో బంతిని కంగారుగా విసురుతున్నారు, అందుకే అది ముందుకు పోతోంది. గోడకు ఒక అడుగు దూరంలో, దానికి ఎదురుగా నిలబడండి. ముందుకు వెళ్లే చోటే ఉండదు. కిందపడ్డ వాటి కోసం వంగి వంగి నడుం నొప్పి పుడితే మంచం ముందు నిలబడటం మేలు.

మూడింటితో మొదలుపెట్టి ఉంటే వెనక్కి వెళ్లండి. ఒక్క బంతిని కళ్ల ఎత్తుకు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి, ప్రతిసారీ అదే ఎత్తులో వేయండి. తర్వాత రెండు: మొదటిది శిఖరానికి చేరాకే రెండోది దాని కింది నుంచి వదలాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, రెండో బంతిని ఎగరేయకుండా చేతి నుంచి చేతికి అందించేయడం. అది సరిదిద్దకుండా మూడో బంతి పట్టుకుంటే ఎన్నాళ్లయినా ముడి వీడదు. ఎడమ చేతితో మొదలుపెట్టి కూడా రెండు బంతులూ పదిసార్లు వరసగా పడ్డాకే, రెండు బంతులున్న చేతితో మొదలుపెట్టి మూడు విసుర్లు వేసి ఆగండి. ఆ తర్వాత నాలుగు, ఐదు. గుండ్రంగా దొర్లిపోయే రబ్బరు బంతులకన్నా గింజలు నింపిన గుడ్డ బంతులు నయం, పడ్డచోటే ఉంటాయి.

ప్రశ్న: జ్వరంతో మూడు రోజులు తప్పాయి. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టాలా?

జవాబు: అక్కర్లేదు. అలవాట్లపై లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో 12 వారాలు చేసిన అధ్యయనంలో, ఒకసారి తప్పితే అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ అడ్డం రాలేదని తేలింది. అలవాటు కుదిరేందుకు పట్టే కాలం మాత్రం మనిషికీ పనికీ తగ్గట్టు 18 నుంచి 254 రోజుల దాకా ఉందని అంచనా కట్టారు. కాబట్టి 21 రోజుల్లో అయిపోతుందనే మాట నమ్మి కంగారు పడకండి.

తిరిగొచ్చిన రోజున మాత్రం ఆగిన చోటు నుంచి కాక, రెండు మూడు రోజుల వెనకటి పాఠంతో సగం సమయమే కూర్చోండి. మూడు రోజుల బాకీ ఒకేరోజు తీర్చబోతే చేతులు అలిసిపోయి తప్పులు పెరుగుతాయి.