సైకిల్ ర్యాక్ కోసం యాప్ల అప్పా? ముందు ఆరు నెలల పైసలు పక్కన పెట్టు తమ్ముడూ

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు రాసిండు. 38 ఏళ్లు, ఎరువుల దుకాణం, ఊర్ల మూడెకరాల పొలం. పోయినేడు 2019 మోడల్ ఆడి క్యూ7 సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్నడు, నెలకి 46 వేల ఈఎంఐ, ఇంకా ఐదేళ్లు ఉంది. పద్నాలుగేళ్ల కొడుకుతోని ఆదివారాలు సైకిల్ తొక్కుతడు, సాగర్ దాకా, నల్లమల అడవిల మన్ననూర్ దాకా సైకిళ్లు బండికి పెట్టుకొని పోవాలని కోరిక. అడిగింది ఏందంటే, "అన్నా, వెనక హిచ్ (బండి కింద బిగించే లాగుడు కొక్కెం) పెట్టించి ర్యాక్ వేసుకోవాలా, రూఫ్ ర్యాక్ సరిపోతదా? హిచ్, వైరింగ్, ర్యాక్ కలిపి 2.4 లక్షలు చెప్తున్నరు. ఒక యాప్‌ల 22 శాతానికి రెండేళ్ల లోన్ రెడీగ ఉంది, తీసుకోవచ్చా?"

తీసుకోవద్దు. ఇట్లాంటి ఉత్తరాలు ఈమధ్య బాగ వస్తున్నయి, పెద్ద బండి ఈఎంఐ మీద తీసుకుంటరు, దానికి పెట్టే ప్రతి వస్తువు మళ్లీ ఇంకో ఈఎంఐ మీద, అందుకే నీకు జవాబు ఇక్కడ అందరి ముందర రాస్తున్న.

2.4 లక్షలకి 22 శాతం అంటే నెలకి పన్నెండున్నర వేల దగ్గర కడతవు, రెండేళ్లల్ల మొత్తం దాదాపు 2.99 లక్షలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. మన దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఎవరైనా భయపడతరు, అది ఏడాదికి 24 శాతం, మరి ఫోన్‌ల కనపడే 22 శాతానికి మాత్రం ఎందుకు భయం లేదు? అడగకుండానే రెడీగ పెట్టిన లోన్ అంటే నీ మీద ప్రేమ కాదు, నీ ఖాతాల నెలనెలా తిరిగే పైసలు చూసి పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసిన లెక్క ప్రకారం ఇంటి ఖర్చు 55 వేలు, బండి 46 వేలు, పిల్లగాని ఫీజు నెలకి పడేది 10 వేలు, మొత్తం 1.11 లక్షలు. బ్యాంకుల ఉన్నది 80 వేలు. ఒక్క నెల కూడా గడవదు! దుకాణంల నీ పైసలు ఎక్కడున్నయో నీకు తెలుసు, ఉద్దెర పుస్తకంల ఉన్నయి. రైతు యూరియా, మందులు ఇప్పుడు తీసుకపోతడు, వడ్లు అమ్మినంక, డబ్బు ఖాతాల పడినంక ఇస్తడు, కొనుగోలు కేంద్రంల కాంటా లేటైతే నీకూ లేటే. సాగర్ ఎడమ కాలువకి నీళ్లు రాని యాసంగి వస్తే ఆ పుస్తకంల సగం పేజీలు అట్లనే ఉంటయి, బండి ఈఎంఐ మాత్రం ఐదో తారీఖుకు ఆగదు. నెల జీతగాడు ఆరు నెలల ఖర్చు పెట్టుకుంటే చాలంటరు కదా, నీలాంటి సీజన్ వ్యాపారికి అది తక్కువల తక్కువ, అంటే 6.66 లక్షలు. ఒక్క బ్యాంకుల పెట్టకు, డిపాజిట్ బీమా ఒక బ్యాంకుకి 5 లక్షల వరకే, రెండు బ్యాంకుల్ల ఎఫ్‌డీలుగ పెట్టు. చిట్టీ నడుస్తుంది కదా అన్నవు, చిట్టీ ఎమర్జెన్సీ ఫండ్ కాదు, దవాఖానల ఉన్న రాత్రి పాట పాడి ఎత్తుకోలేవు, ఎత్తుకున్నా ఎంత నష్టానికి పోతదో ముందే తెల్వదు. పైగా నీది ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద నిలిచేది) ఉన్న బండి, ఒక్కసారి అది మొరాయిస్తే బిల్లు లక్షల్ల వస్తది, నాలుగు టైర్లు మారిస్తేనే లక్ష దాటుతది, ఆ రోజు మళ్లీ ఆ యాప్ దగ్గరికే పోతవు.

ర్యాక్ సంగతి కూడా చెప్త, అడిగినవు కాబట్టి. హిచ్ మంచిదే, సైకిళ్లు కిందనే ఉంటయి, ఎత్తుడు సులువు. కానీ సైకిళ్లు నిలబెట్టే ప్లాట్‌ఫాం ర్యాక్ ఒక 20 కిలోలు, సైకిళ్లు చెరో 15 వేసుకో, 50 కిలోలు వెనక వేలాడతయి, హిచ్ మీద నిలువుగ పడే బరువు ఎంతవరకు ఓకేనో ఓనర్స్ మాన్యువల్‌ల చూడకుండ కొనొద్దు. యూరప్ బండ్ల హిచ్ చివర ఉండేది 50 ఎంఎం ఇనుప బంతి, అమెరికా ర్యాకులు ఎక్కువగ రెండంగుళాల చదరపు గొట్టానికి చేసినవి, ఒకదానికి ఒకటి నేరుగ పట్టయి. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కప్పుకపోతయి, రివర్స్ సెన్సార్లు మోగుతనే ఉంటయి, వైరింగ్ కోసం లోకల్ ఎలక్ట్రీషియన్ కేబుల్ కోస్తే తర్వాత డ్యాష్‌బోర్డు మీద వచ్చే వార్నింగులకి ఎవ్వరూ బాధ్యత తీసుకోరు. రూఫ్ ర్యాక్ చౌక, కానీ అంత ఎత్తు బండి మీదికి సైకిల్ ఎత్తాలె. డిక్కీకి పట్టీలతోని కట్టేది వద్దు, పెయింట్, స్పాయిలర్ పోతయి.

ఏది పెట్టినా ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతల చెప్పు, యాక్సెసరీ విలువ పాలసీల ఎక్కించు, చెప్పకుండ పెట్టినవాటికి క్లెయిమ్ దగ్గర కొట్లాట తప్పదు. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగ బండి మార్చొద్దని 2019 జనవరిల సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి హిచ్ సంగతి ఆర్టీఓ ఆఫీసుల కూడా అడుగు. ర్యాక్ మీద ఉన్న సైకిల్ పోతే మాత్రం బండి పాలసీ ఇవ్వదు.

నీది ఏడు సీట్ల బండి తమ్ముడూ. పోయేది నువ్వు, కొడుకు ఇద్దరే. వెనక రెండు వరసలు మడువు, సైకిళ్ల ముందు చక్రాలు విప్పు, పాత దుప్పటి పరిచి ఒకదాని మీద ఒకటి పండబెట్టి తాళ్లతోని గట్టిగ కట్టు. ఈ ఆదివారమే సాగర్ పోవచ్చు, రూపాయి అప్పు లేకుండ. మన్ననూర్ పోతే అడవి రోడ్డు రాత్రి తొమ్మిదికి మూస్తరు, ఆ లోపల తిరిగి రండి.

ఇంకొక్కటి. టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటోళ్లకి పైసలొచ్చే బీమా) లేదు, సర్కారు రైతులకి చేసే రైతుబీమా ఉంది అని రాసినవు. రైతుబీమా 5 లక్షలు. నీ బండి బాకీనే ఇంకా 21 లక్షలు, నీకేమన్న అయితే అది మీ ఇంటామె మీద పడతది. ఈ నెలనే టర్మ్ తీసుకో, మీ నాయినకి విడిగ హెల్త్ పాలసీ కూడా చూడు, వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

యాసంగి ఉద్దెర వసూలైనప్పుడు వచ్చిన దాంట్ల నెలకి ఇంత అని కాదు, మొదటి 3 లక్షలు నేరుగ ఎఫ్‌డీకి పంపు, మిగిలింది వానకాలం వసూళ్లల్ల నింపు. 6.66 నిండినంక కూడా ర్యాక్ మీద మనసుంటే నగదు పెట్టి కొనుక్కో, అప్పుడు ఏ మోడల్ అన్నది మళ్లీ రాయి, కూర్చొని చూద్దాం.