ఎనిమిదో తరగతికే చీటీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది కావలి. నేను ఇంట్లో బట్టలు కుడతాను, మావారు ఆటో నడుపుతారు. ఇద్దరిదీ కలిపి నెలకు 27 వేలు వస్తాయి. మా పాప జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి, లెక్కల్లో చురుకు. వచ్చే ఏడాది నెల్లూరులో ఐఐటీ ఫౌండేషన్ ఉన్న హాస్టల్ స్కూల్లో చేర్చమని మా ఆడబిడ్డ పట్టుబడుతోంది. ఏడాదికి 1,20,000 ఫీజు. 2 లక్షల చీటీలో 25 నెలలకు 9 కట్టాం. ఇప్పుడు పాడితే 1,65,000 వస్తుంది. పాడుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. పాప చదువుకు ఖర్చు పెట్టొద్దని కాదు, ఆ డబ్బు అసలు అవసరమయ్యే రోజు ఇంకా రాలేదని చెబుతున్నాను.

తొమ్మిదో తరగతి ఫీజు కట్టాక మీ చేతిలో 45 వేలు మిగులుతాయి. పదో తరగతికి ఇంకో 75 వేలు కావాలి. చీటీ వాయిదాలు ఎలాగూ కడుతూనే ఉండాలి. అప్పుడు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు, అంటే ఏడాదికి 24 శాతం. తీరా ఇంటర్‌కి వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్ ఎక్కువగా ఇచ్చేది ఇంటర్ తర్వాతి చదువులకే. ఇంటర్ కోచింగ్‌కి మన డబ్బే దిక్కు. అందుకే చీటీని చివరిదాకా ఉంచండి. 5 శాతం కమీషన్ పోయినా 1,90,000 వస్తుంది, ఇప్పటి పాట కంటే 25 వేలు ఎక్కువ. ఆ సరికి పాప తొమ్మిదిలో ఉంటుంది. ఇంటర్‌లో చేరేదాకా బ్యాంకులో ఎఫ్‌డీ వేయండి.

ఒక్క విషయం మాత్రం ముందు చూసుకోండి. ఆ చీటీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైందేనా? కాకుండా తెలిసినవాళ్లు ఇంట్లో నడిపేదైతే నా సలహా మారుతుంది. పాతిక వేలు పోయినా పాడేసుకుని బ్యాంకులో వేసుకోండి.

ఇంకో సంగతి ఉంది. స్కూల్ మారిస్తే పోగొట్టుకునేది మీ ఆడబిడ్డకు తెలిసుండకపోవచ్చు. ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, మళ్లీ అవకాశం లేదు. ప్రభుత్వ, జెడ్పీ, ఎయిడెడ్ స్కూళ్ల పిల్లలకే, ఇంటి ఆదాయం ఏడాదికి 3,50,000 లోపు ఉండాలి. మీది ఆ లోపే ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, మొత్తం 48 వేలు. ప్రైవేటుకు మారితే ఆగిపోతుంది. ఇంటర్ ప్రైవేటులో చదివించినా 9, 10 తరగతుల 24 వేలు మీవే. పరీక్షలో 90 ప్రశ్నలు మెంటల్ ఎబిలిటీ, 90 ప్రశ్నలు పాఠాలవి. ఈ మధ్య ఏళ్లలో డిసెంబర్‌లో పెడుతున్నారు. లెక్కలు బాగా వచ్చిన పిల్ల, పాత పేపర్లు చేయిస్తే చాలు.

తొమ్మిదిలో ఇస్రో వాళ్లు బడి పిల్లలకు పెట్టే శిక్షణ శిబిరం యువికకు దరఖాస్తు చేయించండి. ఎంపికైన పిల్లల ప్రయాణం, బస ఖర్చులు ఇస్రోవే. మనకు దగ్గర్లోని శ్రీహరికోట కూడా అందులో ఒక కేంద్రం. దానివల్ల సీటు రాదు, కానీ రాకెట్ ప్రయోగ కేంద్రం లోపలికి వెళ్లొచ్చిన పిల్ల చదువును చూసే తీరే వేరుగా ఉంటుంది. పది తర్వాత ఒంగోలు ట్రిపుల్ ఐటీ ఉంది, పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు. ప్రభుత్వ బడి పిల్లలకు అక్కడ 4 శాతం మార్కులు కలుపుతారు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ కూడా రాయించండి. నెల్లూరులో అమ్మాయిలకు ప్రత్యేకంగా ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

లెక్కలకు కావాలంటే కావలిలోనే సాయంత్రం ట్యూషన్ పెట్టండి. ఈ వారంలో హెడ్‌మాస్టర్ గారిని కలిసి ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తు గురించి అడగండి. సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రానికి పెట్టండి. పాప పేరు ఆధార్‌లో, స్కూల్ రికార్డులో, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒకేలా ఉందో లేదో ఒక్కో అక్షరం పట్టి చూడండి. ఎంపికయ్యాక కూడా ఇంటిపేరు తేడా వల్ల డబ్బు పడక తిరిగిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను.