రేటింగ్ తక్కువ ఉన్నవాళ్ళు గెలిస్తే అది అదృష్టమేనా?

చెస్‌లో తమకన్నా నాలుగు వందల రేటింగ్ పాయింట్లు ఎక్కువున్న ఆటగాణ్ణి ఓడిస్తే అది అదృష్టం కాక ఇంకేమిటని ఒకరు అడిగారు. కాదండీ. మా అమ్మాయి ఆట చూశాక ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్ళు మండుతుంది.

రేటింగులు కట్టే ఈలో లెక్క ప్రకారం 400 తేడా ఉంటే, పది ఆటలాడినా తక్కువ రేటింగ్ వాళ్ళకి సగటున పూర్తిగా ఒక్క పాయింటు (అంటే ఒక్క గెలుపంత) కూడా రాదు. నిజమే. కానీ ఆ లెక్కకి బోర్డు మీద ఏముందో తెలియదు.

భీమవరంలో ఓపెన్ టోర్నమెంట్, మొదటి రౌండు. ఓడినా అందరూ అన్ని రౌండ్లూ ఆడే స్విస్ పద్ధతిలో, మొదటి రౌండులో రేటింగ్ వరుసలో పై సగాన్ని కింది సగంతో కలుపుతారు కదా, మా పాప రేటింగ్ 1432, ఎదురుగా కూర్చున్న కుర్రాడు 1850 పైనే. బయట ఒకటే వాన. పెద్దవాళ్ళని హాల్లోకి రానివ్వలేదు, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. మూడు గంటలయ్యాక ఇద్దరికీ రాజు కాక చెరో రూక్ (ఏనుగు), చెరో బంటు మిగిలాయి. పాప డ్రా అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. తక్కువ వాళ్ళతో డ్రా అయినా రేటింగ్ పోతుందని పై రేటింగ్ వాళ్ళకి టెన్షన్. రూక్‌కి రూక్ కొట్టి మార్చేస్తే తన బంటు ముందుగా చివరి వరుసకి దూకుతుందనుకున్నాడు. లెక్క ఒక్క ఎత్తు తప్పింది. పాప అతని బంటుని రాజుతో తినేసి, వెనక్కొచ్చి, తన బంటు కన్నా ముందు ఆరో వరుసలో రాజుని నిలబెట్టింది. పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని క్లాక్ నొక్కింది. బోర్డు పక్క అంచున నడిచే బంటు కాకపోతే అక్కడ ఎత్తు ఎవరిదైనా గెలుపే. కరెంటు పోయిన సాయంత్రాలు అరుగు మీద రెండు రాజులూ ఒక బంటూ, మూడే పావులు పెట్టుకుని మేము ఆడుకున్నది అదే.

ఇప్పటి కోచింగుల్లో ఓపెనింగులే, అంటే ఆట మొదలెట్టే ఎత్తులే బట్టీ పట్టిస్తున్నారు. నెలనెలా ఫీజు కట్టినా పిల్లలకి ఇలాంటి చివరి ఆట రాదు. పైగా రేటింగ్ పెరగాలంటే టోర్నమెంట్లు తిరగాలి. సిటీ పిల్లలు నెలకొకటి ఆడతారు, మేము బస్సు ఛార్జీలూ లాడ్జి ఖర్చూ చూసుకుని ఏడాదికి రెండు ఆడతాం. ఆట పెరిగినా అంకె అక్కడే ఉంటుంది.

2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమిలో మహిళల చెస్ ప్రపంచ కప్ ఫైనల్. రేటింగ్‌లో పైనున్న మన కోనేరు హంపిని 19 ఏళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ టైబ్రేక్‌లో, అంటే స్కోరు సమమయ్యాక పెట్టే వేగం ఆటల్లో ఓడించింది. గుడివాడలో పుట్టిన మన ఆడపడుచు ఓడినందుకు నాకు బాధేసింది. అయినా దివ్యది అదృష్టమని మాత్రం అనను.

ఆ రోజు పాలకొల్లు బస్సెక్కాక పాప అడిగింది ఒక్కటే: "అతను రూక్‌లు మార్చకపోతే డ్రానేనా నాన్నా?"

"డ్రానేనమ్మా" అన్నాను.