చీమల గూటికి మట్టి కలిపే ముందు

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు టెస్ట్ ట్యూబులో పెంచుతున్న రాణి చీమ దగ్గర కూలీ చీమలు పుట్టుకొస్తున్నాయని రాశావు, సంతోషం. కానీ వాటిని అప్పుడే మట్టి గూట్లోకి దించకు. ఓ పాతిక, ముప్పై అయ్యేదాకా ఆ ట్యూబులోనే ఉండనీ. నాలుగు చీమలకు అంత గూడు ఇస్తే ఏ మూలకో చేరి కనబడవు, చెత్త లోపలే పోగేస్తాయి, బూజు పట్టినా నీకు తెలియదు.

ముందు నీ చీమలు ఏ జాతివో తేల్చుకో. ఆకులు కుట్టి గూడు కట్టుకునే వాటికి మట్టి పోయడం దండగ. కాంపొనోటస్ అనే చీమల్లో కొన్ని పుచ్చిన కర్రలో ఉంటాయి, కొన్ని నేలలో ఉంటాయి. గింజలు దాచుకునే మెసర్ చీమలైతే తెగ తవ్వుతాయి. వాటికి లోతు కావాలి, పైగా గింజలుండే చోటు పొడిగా ఉండాలి, లేకపోతే మొలకలొస్తాయి.

ఇక మట్టి. నాలుగు పాళ్లు సన్న ఇసుక, ఒక పాలు బంకమట్టి. నేనైతే ఇక్కడే మొదలుపెడతాను. ఉత్త ఇసుక తడిగా ఉన్నంతసేపు బాగానే నిలబడుతుంది, ఆరిందంటే సొరంగం కూలి పిల్లలతో సహా పూడుకుపోతాయి. బంకమట్టి ఎక్కువైతే ఎండి గట్టిపడి పగుళ్లిస్తుంది, చిన్న చీమల దవడలకు లొంగదు. భూతద్దం పెట్టి చూడు: తడి మట్టిని దవడలతో గోరి, ముందుకాళ్లతో చిన్న ఉండ చేసి, నోట కరచుకుని బయటికి మోసుకెళ్లి పడేస్తాయి. ఫీడోల్ లాంటి బుల్లి చీమలకు గరుకు ఇసుక పోస్తే ఒక్కో రేణువు వాటి తలకంటే పెద్దదవుతుంది. జల్లెడ పట్టకుండా పోయకు.

కలిపింది సరిపోయిందో లేదో చీమల మీద పరీక్షించొద్దు. కొద్దిగా తడిపి పిడికిట్లో నొక్కు. ముద్ద నిలవాలి, నీళ్లు కారకూడదు, వేలితో పొడిస్తే విడిపోవాలి. తర్వాత దాన్నే గాజు గ్లాసులో అదిమి, గాజుకు ఆనించి పెన్సిల్‌తో ఒక రంధ్రం చేసి, వారం పాటు ఆరనీ. కన్నం కప్పు రాలితే ఇంకాస్త బంకమట్టి పడాలి. మట్టి గాజును వదిలేసి పగిలితే ఇసుక పడాలి.

కుండీల కోసం అమ్మే మట్టి జోలికి పోకు, అందులో ఎరువులుంటాయి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) తడిని బాగానే పట్టి ఉంచుతుంది కానీ సొరంగానికి బలం ఉండదు, బూజు కూడా తొందరగా పడుతుంది. సముద్రపు ఇసుకైతే ఉప్పు పోయేదాకా కడగాలి. తోట మట్టి వాడతానంటే, పురుగుమందు కొట్టని చోటిదని గట్టిగా తెలిస్తేనే తీసుకో. మరిగించినంత మాత్రాన మందు పోతుందనుకోకు. పురుగుల బెడద వేరే. చీమలు పెట్టిన పుట్ట పాములపాలు అన్నట్టు, పచ్చి మట్టితో వచ్చిన మైట్లు (నల్లుల్లాంటి బుల్లి పురుగులు) గూడంతా ఆక్రమిస్తాయి. అందుకే 100 డిగ్రీల వేడిలో అరగంటకు పైగా ఉంచి, పూర్తిగా చల్లారాక వాడు. (ఇల్లంతా మట్టి వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పు.)

నీళ్లు పైనుంచి పోయకు. నింపేటప్పుడే ఒక సన్న గొట్టం అడుగుదాకా దించి, దాంట్లోంచి కొద్దికొద్దిగా పొయ్యి. అడుగు తడిగా, పైభాగం పొడిగా ఉంటే గుడ్లు, లార్వాలు, ప్యూపాలు ఎక్కడుండాలో అవే చూసుకుంటాయి.

నీవి లార్వాలు తమ చుట్టూ పట్టుగూడు అల్లుకునే జాతివైతే, ముఖ్యంగా పొనెరీన్ అనే వేటాడే చీమలైతే, ఇప్పుడే ట్యూబులో చిటికెడు శుభ్రమైన మట్టి చల్లు. లార్వాలు పోగులు తగిలించుకోవడానికి ఆ రేణువులే ఆధారం.

గూడు మార్చేటప్పుడు ట్యూబును కుదిపి బోర్లించకు. గొట్టంతో గూటికి కలిపి, గూటికి నల్ల గుడ్డ కప్పి, ట్యూబు మీద వెలుతురు పడనివ్వు. వెళ్లడానికి వారాలు పట్టినా టెన్షన్ పడకు. గ్లాసులో మట్టి ఆరాక ఫోటో తీసి పంపు, పాళ్లు మార్చాలేమో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ బాబాయి