పాత రంగు పెచ్చులున్న పెరటిలో కూరగాయలు: తోడు మొక్కలతో మట్టి విషం తగ్గుతుందా?

ప్రశ్న: మా పెరడు రద్దీగా ఉండే రోడ్డును ఆనుకుని ఉంది. అందులో ఒక మూల పాత కట్టడాన్ని కూల్చారు. తవ్వుతుంటే రాలిన రంగు పెచ్చులు, మసి కనిపిస్తున్నాయి. టమాటా, వంగ, పాలకూర, ముల్లంగి వేద్దామనుకుంటున్నాను. వాటి మధ్య ఆవాలు, పొద్దుతిరుగుడు, బంతి వేస్తే మట్టిలోని విషాన్ని అవే లాగేసుకుంటాయని, కూరగాయలకు ఏమీ అంటదని కొందరు చెబుతున్నారు. నిజమేనా? దేని పక్కన ఏది వేయాలి?

జవాబు: ఆవాలు, పొద్దుతిరుగుడు మట్టిలోని కొన్ని లోహాలను పీల్చుకుంటాయన్నది నిజమే. అంతమాత్రాన పక్కనున్న కూరగాయ సురక్షితమవుతుందనుకోవడం సరికాదు. కొన్ని సందర్భాల్లో ఫలితం తిరగబడే అవకాశం కూడా ఉంది. మీ పెరటిలో తోడు మొక్కలకు వేరే పని ఉంది, దాని గురించి కింద వివరిస్తాను.

మీరు చెప్పిన రంగు పెచ్చులను బట్టి ముందుగా అనుమానించవలసింది సీసం (లెడ్) అనే లోహాన్ని. పాత రంగుల్లో సీసం విరివిగా వాడేవారు. సీసం కలిపిన పెట్రోలును వాహనాలకు వాడడం ప్రపంచమంతటా పూర్తిగా ఆగింది 2021లోనే కాబట్టి, అంతకుముందు దశాబ్దాల పాటు పొగలో వచ్చిన సీసం రోడ్ల పక్క మట్టిలో ఇంకా మిగిలే ఉంది. అది కుళ్లదు, ఆవిరి కాదు, నీటితో పాటు లోతుకు దిగేది కూడా చాలా తక్కువ. అందుకే మనం తవ్వి, విత్తి, చేతులతో కలిపే పై పొరలోనే కూర్చుంటుంది. మసి ఉన్న చోట నూనె, బొగ్గు మండినప్పుడు పుట్టే కర్బన విషాలు కూడా ఉండవచ్చు. అయితే వాటిని మట్టిలోని సూక్ష్మజీవులు నెమ్మదిగానైనా విడగొట్టగలవు. సీసాన్ని ఏ సూక్ష్మజీవీ విడగొట్టలేదు.

విత్తనం కొనేముందే మట్టి పరీక్ష చేయించండి. నత్రజని, భాస్వరం, పొటాష్ చూపే మామూలు భూసార పరీక్షలో ఈ సంగతి బయటపడదు. మొత్తం సీసం, దానితో పాటు కాడ్మియం, ఆర్సెనిక్ అనే విష మూలకాల లెక్క కావాలని ప్రయోగశాలకు ప్రత్యేకంగా రాసి ఇవ్వాలి. కూల్చిన గోడ దగ్గర, రోడ్డు వైపున, మిగిలిన పెరటిలో వేర్వేరుగా నమూనాలు తీయండి. ఒక్కో భాగంలో 10 నుంచి 15 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి కలిపి, అందులోంచి అర కిలో పంపితే చాలు. మూడింటినీ కలిపేస్తే గోడ పక్క మట్టిలోని విషం సగటులో దాక్కుంటుంది. కాలుష్యం లేని మట్టిలో సీసం సాధారణంగా కిలోకు 10 నుంచి 50 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. భద్రమైన హద్దు ఎంత అన్నదానిపై దేశాల మధ్య తేడాలున్నాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇళ్ల స్థలాలకు ఎంతోకాలంగా వాడిన 400 మిల్లీగ్రాముల హద్దును 2024లో 200కు తగ్గించింది. దీన్నిబట్టి నిపుణుల జాగ్రత్త ఏ దిశగా సాగుతోందో గ్రహించవచ్చు.

ఇక ఆవాల సంగతి. ఒక చదరపు మీటరు నేలలో 15 సెంటీమీటర్ల లోతు వరకు సుమారు 195 కిలోల మట్టి ఉంటుంది. కిలోకు 400 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తే అందులోని సీసం 78 గ్రాములు. అదే చదరపు మీటరులో ఒక పంటకు కిలో ఎండు ఆవ మొక్క వచ్చిందనీ, ఆ కిలోలో 100 మిల్లీగ్రాముల సీసం చేరిందనీ అనుకుందాం. ఇది కాస్త ఉదారమైన లెక్కే. అప్పుడు ఒక పంట తీసే సీసం గ్రాములో పదో వంతు. సగం సీసం తీయాలంటే దాదాపు 390 పంటలు వేయాలి! పరిశోధనల్లో ఆవ మొక్కలు ఎక్కువ సీసం తీసిన సందర్భాల్లో చాలావాటిలో ముందు మట్టిలో ఈడీటీఏ వంటి రసాయనం పోశారు. అది సీసాన్ని కరిగించి మొక్కకు అందిస్తుంది, వాన పడితే భూగర్భ జలానికీ అందిస్తుంది. పెరటిలో అలాంటి ప్రయోగం చేయవద్దు. కాడ్మియం, జింకు, ఆర్సెనిక్‌ల విషయంలో కొన్ని మొక్కలు మెరుగ్గా పనిచేస్తాయి, ఆర్సెనిక్‌ను అసాధారణంగా పోగుచేసుకునే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్‌ను 2001లోనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. కానీ వాటిని నేలను విడిగా శుద్ధి చేయడానికి వేయాలే తప్ప వంగ మొక్కకు తోడుగా కాదు.

తోడుగా ఎందుకు వద్దంటున్నానంటే, వేళ్లు కేవలం పీల్చవు, స్రవిస్తాయి కూడా. ఆ స్రావాల్లోని సేంద్రియ ఆమ్లాలు మట్టి రేణువులను అంటుకున్న లోహాన్ని కరిగించగలవు. కరిగిన లోహం ఆవ మొక్కకే చేరాలన్న నియమమేమీ లేదు, వేళ్లు కలిసిపోయిన చోట పక్కనున్న పాలకూరకూ చేరవచ్చు. ఇలాంటి జంట సాగుపై జరిగిన ప్రయోగాల్లో కూరగాయలో లోహం తగ్గిన ఫలితాలూ ఉన్నాయి, పెరిగినవీ ఉన్నాయి. ఇంట్లో వండుకునే కూర విషయంలో అలాంటి అనిశ్చితిని నేను సిఫారసు చేయలేను. శుద్ధి కోసం పెంచిన ఆవాకును కూర వండడం గానీ, మొక్కలను కంపోస్టు గుంటలో వేయడం గానీ చేస్తే తీసిన లోహాన్ని మళ్లీ ఇంట్లోకో మడిలోకో తెచ్చుకున్నట్టే.

సీసం విషయంలో అసలు ప్రమాదం వేరు ద్వారా వచ్చేదానికన్నా దుమ్ము ద్వారా వచ్చేదే ఎక్కువ. సీసం వేరు నుంచి కాండానికి, కాండం నుంచి కాయకు చాలా తక్కువగా కదులుతుంది. ఆకుకు అంటిన మట్టి సంగతి వేరు. కిలో ఆకుకూరకు ఒకే ఒక్క గ్రాము మట్టి అంటుకుందనుకోండి. పై లెక్క ప్రకారం అందులో 0.4 మిల్లీగ్రాముల సీసం ఉంటుంది. చాలా ఆకుకూరలకు కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం అనుమతించేది కిలోకు 0.3 మిల్లీగ్రాములు మాత్రమే. వాన చినుకు బోసి నేల మీద పడి చిట్లినప్పుడు కింది ఆకుల అడుగున అంటే ఎర్రటి మచ్చలను ఒకసారి గమనించండి, గ్రాము మట్టి అంటడం ఎంత తేలికో తెలుస్తుంది.

తోడు మొక్కల అసలు పని ఇక్కడే. రోడ్డు వైపున దట్టంగా పెరిగే, తినని పొదను కంచెలా పెంచండి, గాలితో వచ్చే దుమ్ములో కొంత దాని ఆకులు పట్టుకుంటాయి. కాలిబాటల మీద గడ్డిని పరవండి. మడిలో కూరగాయల మధ్య బోసి నేల కనబడకుండా గడ్డి ఆచ్ఛాదన గానీ, నేలబారుగా పాకే మొక్క గానీ ఉండాలి. బంతిని నిరభ్యంతరంగా వేసుకోండి. వేళ్ల మీద బుడిపెలు కట్టించి మొక్కను దెబ్బతీసే నులిపురుగులను దాని వేళ్లు అణచగలవు, టమాటాకు, వంగకు అది మేలే. లోహాలను శుద్ధి చేస్తుందని మాత్రం దానిమీద ఆశ పెట్టుకోవద్దు. అలసంద వంటి పప్పుజాతి మొక్క నేలను కప్పడానికి పనికొస్తుంది, కానీ లోహాలు ఎక్కువగా ఉన్న మట్టిలో దాని వేరుబుడిపెల్లో ఉండి నత్రజనిని అందించే మేలు బ్యాక్టీరియా దెబ్బతింటుంది కనుక నత్రజని పూర్తిగా అందకపోవచ్చు.

మీ నాలుగు పంటల్లో టమాటా ముందు వరుసలో ఉంటుంది. మిరప, బెండ, చిక్కుడు కూడా దానితో కలుస్తాయి. వంగకు సీసం పెద్ద ఇబ్బంది కాదు గానీ, కాడ్మియం ఉంటే దాని కాయలోకి కొంత చేరుతుంది. సొలానమ్ టార్వమ్ అనే అడవి వంగ వేరుమొక్కపై అంటుకట్టిన మొక్కల కాయల్లో కాడ్మియం బాగా తగ్గినట్టు పరిశోధనలు చూపాయి. ముల్లంగి, క్యారెట్ మట్టిలోనే ఊరుతాయి, పాలకూర కాడ్మియాన్ని ఇష్టంగా తీసుకుంటుంది. ఈ మూడింటినీ నేల మీద వేయవద్దు. ఒకవేళ ఆ స్థలంలో పూర్వం డీడీటీ వంటి మందులు వాడి ఉంటే గుమ్మడి జాతిని కూడా మానుకోండి, ఆ మందుల అవశేషాలను వేళ్ల ద్వారా కాయదాకా తీసుకుపోవడంలో కొన్ని గుమ్మడి రకాలది ప్రత్యేక గుణం.

బాగా చివికిన కంపోస్టు ఎక్కువగా కలపండి. మట్టి ఆమ్లగుణాన్ని చూపే ఉదజని సూచిక (పీహెచ్) 6.5 కన్నా తక్కువగా ఉంటే సున్నంతో 7 దాకా తీసుకురండి. అప్పుడు సీసం, కాడ్మియం మొక్కకు అందడం తగ్గుతుంది. భాస్వరం ఎరువు సీసాన్ని కట్టేస్తుందని విని సూపర్ ఫాస్ఫేట్ కుమ్మరించేవారున్నారు. మట్టిలో ఆర్సెనిక్ కూడా ఉంటే అదే భాస్వరం దాన్ని విడిపించి మొక్కకు అందిస్తుంది, అందుకే మట్టి పరీక్ష ఫలితం చూడకుండా వేయకండి.

ఆకుకూరలు, దుంపలు తప్పదనుకుంటే 30 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టి, అడుగున నీరు దిగే మందపాటి వస్త్రం పరచి, శుభ్రమైన మట్టి నింపండి. పాత రైలు దుంగలు, రంగు వేసిన చెక్కలు అంచులకు వాడకండి. ఈ మడిలోకి కూడా రోడ్డు దుమ్ము ఏటా చేరుతుంది కాబట్టి పై పొరలో కొత్త కంపోస్టు వేస్తూ, మూడు నాలుగేళ్లకొకసారి పరీక్ష చేయించాలి.

కోసిన కూరను పారే నీటిలో కడగండి, బయటి ఆకులు తీసేయండి, దుంపల తొక్క చెక్కండి. ఉడికిస్తే సీసం పోదు. తోట చెప్పులను గడప బయటే విడవండి. ఆరేళ్ల లోపు పిల్లలను గోడ కూల్చిన మూలకు రానీయకండి, మట్టి చేతిని నోట్లో పెట్టుకునే వారికే సీసం ఎక్కువ హాని చేస్తుంది.

మూడు నమూనాల ఫలితాలను, ఉదజని సూచికతో సహా, మడుల కొలతలతో కలిపి రాయండి. గోడ పక్క మట్టిని తొలగించాలా, కప్పి ఉంచితే సరిపోతుందా అన్నది ఆ అంకెలను చూసి చెబుతాను.