విదేశీ నర్సు మా వార్డును పరిశీలించడానికి వస్తున్నారు. ఏం చూసుకోవాలి?

బ్రిటన్ నుంచి వచ్చే నర్సు మన వార్డులో పరిశీలకురాలు మాత్రమే. అక్కడ ఎంత అనుభవం ఉన్నా, ఇక్కడ నర్సింగ్ కౌన్సిల్ నమోదు లేనిదే సూది వేయకూడదు, మందు ఇవ్వకూడదు. ఈ మాట ఆమెకన్నా ముందు మీ సిబ్బందికి చెప్పండి. మనుషులు చాలని పూట "మేడమ్, కాస్త ఈ సెలైన్ చూడండి" అనేది మనవాళ్లే.

కొలతల తేడా మొదటి రోజే వివరించాలి. కేస్ షీటులో షుగర్ 180 అని ఉంటే ఆమె ఉలిక్కిపడతారు. వాళ్ల లెక్కలో అది 10. మన అంకెను 18తో భాగిస్తే సరిపోతుంది. జ్వరం కూడా మనం చాలాచోట్ల ఫారన్‌హీట్‌లోనే రాస్తాం. వాడిన సూదులను వాళ్లు పసుపు డబ్బాలో వేస్తారు. మన 2016 ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. పసుపు సంచి రక్తం అంటిన దూదికి, కట్లకు. చూడటానికే వచ్చినా, హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా అని అడగండి.

ఇక బంధువులు ఆమెను పెద్ద డాక్టరు అనుకుని రిపోర్టులు చేతికిస్తారు, తప్పదు. ఎవరో, ఎందుకు వచ్చారో తెలుగులో చెప్పి, పక్కన ఉండవచ్చా అని రోగినే అడగండి. వద్దంటే ఆమె బయటే ఉండాలి. ఫోటోలు అసలే వద్దు.